గోడకు జ్ఞానతల్లి

కొండల మీది కంచపాతా ఊళ్ళో తెల్లారగానే ఎవరి ఒళ్ళు వాళ్ళు తడుముకుంటారు. పొయ్యి వెలిగించడం ఆ తర్వాతే.

ఏటి మీద వంతెనకు జ్ఞానతండ్రి అయిన ముసలి లియోన్సియో గడపలో కూర్చుని కాళ్ళు చూసుకుంటాడు. పాదాలు ఉబ్బాయంటే ఏరు పొంగిందన్నమాట. ఆ రోజు అవతలి గట్టు పిల్లల్ని బడికి పంపరు. బడి తలుపుకు జ్ఞానతల్లి తెయొదోసియా. ఆమె మోకాలు కిర్రుమన్నప్పుడు మొగుడు కొవ్వు గిన్నె పట్టుకుని ఆమె దగ్గరికి పోడు. నేరుగా బడికి పోయి తలుపు బందులకు రాసి వస్తాడు. వచ్చేసరికి మోకాలు నెమ్మదిస్తుంది. రాకపోకలు రెండు వైపులా ఉంటాయి మరి. పోయిన కార్నివాల్ పండక్కి తెయొదోసియా మొక్కజొన్న చిచా మెడదాకా పట్టించి పడిపోతే, మర్నాడు మధ్యాహ్నం దాకా బడి తలుపు నిలువునా నిలబడలేదు. పంతులు బయట ఎండలో పాఠం చెప్పాడు. తెయొదోసియా మాత్రం తనకు కడుపునొప్పి అనే చెప్పింది.

ఏది కట్టినా దానికొక జ్ఞానతల్లో జ్ఞానతండ్రో ఉండాలి. తాతల నాటి నుంచీ అంతే. తడిమట్టి రెండు అరచేతులకూ పూసుకుని, కట్టిన దానికి ఆనించి, మట్టి ఆరేదాకా కదలకుండా నిలబడాలి. ఊరంతా నెత్తిన రంగుకాగితాల ముక్కలు చల్లుతుంది. మట్టి ఆరి చేతులు ఊడిరాగానే చుట్టరికం కుదిరినట్టే. దానికి దెబ్బ తగిలితే వీళ్ళకు తగులుతుంది. వీళ్ళకు జ్వరమొస్తే అది వేడెక్కుతుంది. పసిబిడ్డ జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా ఉండమంటే ఎగబడి వస్తారు గానీ, కట్టడాలనేసరికి అందరికీ పక్క ఊళ్ళో పని పడుతుంది.

కసిమిరాకు ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆమె మొగుడి పేరు ఫోర్తునాతో. పాత చర్చి కప్పుకు జ్ఞానతండ్రి. వానలు విడవకుండా పట్టిన ఏడు, ఆ మనిషి సూపు తాగుతూ తాగుతూ తల గిన్నెలోకి వంచాడు. అడుగున మాంసం ముక్క వెతుకుతున్నాడనుకుంది. చర్చి కప్పు కూలిన చప్పుడు ఆ తర్వాత వినిపించింది. "పాపం, సూపన్నా పూర్తిచేసి పోవాల్సింది. వారానికోసారి మాంసం వేసే రోజు కూడాను," అని తెయొదోసియా ఇప్పటికీ సానుభూతి చూపిస్తుంది.

అప్పటి నుంచీ కసిమిరా ప్రార్థన పొట్టిదైపోయింది. పంట, వాన, గొర్రెలు, తన నడుమునొప్పి, అన్నీ అందులోంచి తీసేసింది. పొద్దున్నే వంటింట్లో కీచుకీచుమంటూ కాళ్ళకు అడ్డంపడే, కూర కోసం పెంచే కుందేలు పిల్లల్లాంటి కూయిలకు గడ్డి వేస్తుంది. పక్క గదిలో కొడుకు రుఫినో దగ్గుతున్నాడేమోనని చెవి పెడుతుంది. "తల్లీ, వాడికేమీ కాకూడదు," అంటుంది. మరియతల్లికి కూడా ఆ ప్రార్థన సుఖంగానే ఉండి ఉంటుంది. వినడానికి ఎంతోసేపు పట్టదు.

కొత్త చర్చి కట్టాలని తేలాక ఊరి పెద్ద నికనోర్ అందరినీ పిలిచి ఏది ఎవరికో అడిగాడు. గంటకు తానే ఉంటానన్నాడు. ఇత్తడి గంటకు ఏమవుతుంది, మహా అయితే ఆదివారం ఆదివారం చెవుల్లో హోరు. రేకుల కప్పును అతని బావమరిది ఎగరేసుకుపోయాడు, తుప్పు పట్టేలోగా తానే పోతానని లెక్క. రాతి బలిపీఠానికి ఇద్దరు కొట్టుకున్నారు. చివరికి గోడ మిగిలింది. చర్చికి నాలుగు వైపులా లేచి కప్పును మోసే పచ్చి ఇటుకల గోడ. వాన తాగే గోడ, గాడిదలు ఒరుసుకునే గోడ.

"ఇళ్ళ వరసలో వంతు మీ ఇంటిది వదినా," అన్నాడు నికనోర్, టోపీ చేతిలో తిప్పుతూ.

"మా ఇంట్లో ఒకసారి కప్పు కూలింది చాలదా?"

"అది కప్పు వదినా. ఇది గోడ."

"అయితే నేనుంటా."

"విధవరాలి చేతికి మట్టి అంటదని నీకు తెలీదా?"

తెలుసు. అయినా అక్కడే ఉన్న తడిమట్టిలో చేతులు ముంచి అందరి ముందూ పక్కింటి గోడకు ఆనించింది. మట్టి పిండిలా జలజలా రాలిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఇంటికి పోయేదాకా.

రుఫినో గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పెళ్ళాం నెలిదా బిడ్డను కని ఇంకా పచ్చి ఒంటితో ఉంది. "నేనుంటాలే అమ్మా. ఎవరో ఒకరు ఉండాలిగా," అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి," అంది కసిమిరా. ఆ రాత్రి ఆమె ప్రార్థన ఎప్పటికంటే కాస్త పొడుగైంది. సమాధానం ఆ వారంలోనే బస్సు దిగింది.

దిగినవాళ్ళు అమెరికాలో ఒహాయో అనే చోట ఒక చర్చి తాలూకు మనుషులు. అందరూ ఒకే నీలంరంగు చొక్కాలు తొడుక్కున్నారు, తప్పిపోతారని కాబోలు. చర్చి కట్టడానికి సాయం చేయాలని వాళ్ళంతట వాళ్ళే సెలవు పెట్టుకుని వచ్చారు. ఈ ఎత్తులో గాలి చాలక మొదటి మూడు రోజులూ పడుకునే సేవ చేశారు. తర్వాత లేచి లామాలతో ఫొటోలు దిగారు. ఆ తర్వాత నిజంగానే పనిలోకి దిగారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

వాళ్ళల్లో డార్లీన్ అనే ఆవిడను కసిమిరా ఇంట్లో దింపారు. దాదాపు అరవై ఏళ్ళు, లావుపాటి మనిషి, ఎర్రటి బుగ్గలు. బళ్ళో పిల్లలకు వండిపెట్టి రిటైరైంది. మొగుడు గ్యారీకి మెట్లెక్కితే ఆయాసమని ఇంటి దగ్గర వదిలి వచ్చింది. ఆమెకు ఇక్కడి మాటలు నాలుగే వచ్చు. వాటిలో "వదినా" ఒకటి. పొద్దున్నే "వదినా, మంచి రోజు!" అని కేకేసేది. కసిమిరా బిత్తరపోయి చుట్టూ చూసేది, రోజు అంత మంచిది ఎక్కడ కనబడిందా అని. సాయంత్రాలు మనవరాలిని ఒళ్ళో వేసుకుని ఎర్ర ఉన్నితో టోపీ అల్లేది. ఎండిన దుంపల సూపు పెడితే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా గిన్నె ఖాళీ చేసేది. బురద తొక్కడానికి మోకాలిదాకా దిగి, గడ్డి కలిపిన మట్టిలో ఏదో పాట పాడుతూ గంతులేసేది. మిగతా నీలంచొక్కాలు గట్టున నిలబడి చప్పట్లు కొట్టేవి.

అలా గంతులేస్తుంటే ఒక రోజు కసిమిరా ఆమె చేతులు చూసింది. మోచేతుల దాకా తడిమట్టి. పట్టుకుని ఉంది, రాలడం లేదు.

మధ్యాహ్నం కోకా ఆకు నములుతూ కూర్చున్నప్పుడు నికనోర్‌తో అంది: "జ్ఞానతల్లి ఈ ఊరిదే కావాలని ఎక్కడన్నా ఉందా?"

నికనోర్ నమలడం ఆపాడు. అతని మొహం మబ్బు తొలగిన కొండలా తేటపడింది. "లేదు వదినా. ఎక్కడా లేదు."

"అంటే?" అన్నాడు ముసలి లియోన్సియో. "ఏమీ తెలియని మనిషికి అంటగడతారా? ముందు చెప్పండర్రా ఆమెకు. చెప్పాక ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం."

"ఏ భాషలో చెప్పమంటావు మామా?" అంది కసిమిరా. "నీకొస్తే నువ్వే చెప్పు. లేదంటే నీ కాళ్ళు చూసుకో, ఏరు పెరుగుతున్నట్టుంది."

ముసలాయన కాళ్ళు చూసుకున్నాడు.

ఫాదర్ అన్సెల్మో సముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాడు. వచ్చిన కొత్తలో ఈ చుట్టరికాలకు నవ్వాడు. కసిమిరా మొగుణ్ణి పాతిపెట్టిన రోజు నుంచి నవ్వడం మానేశాడు. గోడకు మీరే ఉండొచ్చుగా అని అడిగితే బిషప్పుగారి అనుమతి కావాలన్నాడు. డార్లీన్ సంగతి అడిగితే, "జ్ఞానస్నానం పొందినవాళ్ళు ఎవరైనా పనికొస్తారు," అని, వాన వస్తుందేమోనని ఆకాశం చూశాడు. మబ్బుతునక కూడా లేదు.

గోడ పూర్తయిన రోజు ఊరు డార్లీన్‌కు చేసిన మర్యాద ఇంతవరకూ ఎవరికీ చేయలేదు. కసిమిరా తన పెళ్ళినాటి శాలువా తీసి కప్పింది. రెండు కూయిలను వేయించి, తలలు ఆమెకే పెట్టింది. గోడకు జ్ఞానతల్లివి నువ్వే అని ఫాదర్ ఆమె భాషలో చెప్పగానే డార్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"నేనా? నేను ఎవరు! నేను వంటమనిషి!" అంది. "వదినా, నేను ఏం చేయాలి?"

ఫాదర్ ఆ మాట ఇటు చేర్చాడు. "ఏమీ చెయ్యక్కర్లేదు," అంది కసిమిరా. "నువ్వుంటే చాలు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మట్టి పూశారు. చేతులు ఆనించింది. రంగుకాగితాలు నెత్తిన, రెప్పల మీద, నోట్లో కూడా పడ్డాయి. మట్టి ఆరుతుంటే నవ్వుతూ, "చక్కిలిగిలి! గోడ నాకు చక్కిలిగిలి!" అంది. ఊరంతా నవ్వింది, రుఫినో తప్ప. అతను బిడ్డనెత్తుకుని వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మర్నాడు నీలంచొక్కాలు బస్సెక్కాయి. డార్లీన్ కిటికీలోంచి గోడకు ముద్దులు విసిరింది.

ఇదివరకు ఊళ్ళో ఏ గోడకు గాడిద ఒరుసుకున్నా పక్కింట్లోంచి "అమ్మా నా వీపు" అని కేక వినిపించేది. అందరూ కర్ర పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు కేక వినబడదు. వినబడనప్పుడు కర్ర ఎవరు వెతుకుతారు? పిల్లలు గోడకేసి బంతి తన్నారు. చిచా తాగినవాళ్ళు ఇంటిదాకా ఆపుకోవడమెందుకని గోడ మూలనే కానిచ్చారు. నికనోర్ తన గాడిదను అక్కడే కట్టేశాడు, ఎండపొడ బాగుంటుందని. ఒక్క రుఫినోనే సాయంత్రం పూట గోడ చుట్టూ తిరిగి ఊడిన చోట తడిమట్టి మెత్తబోయేవాడు. కసిమిరా చూసి గుండెలు బాదుకుంటూ వచ్చి అతని చేతులు లాగేసింది.

"తడిమట్టితో గోడ ముట్టుకుంటావురా? చచ్చినా ముట్టుకోనివ్వను!"

"రంగుకాగితాలు లేకుండా చుట్టరికం కుదరదమ్మా."

"కుదురుతుందో లేదో నీ మీద చూడాలా? ఆ చేతులు కడుక్కో ముందు."

అతను కడుక్కున్నాడు. గోడను అడిగేవాడు మరి లేకపోయాడు.

అయితే కసిమిరాకు ఇంకో బెంగ పట్టుకుంది. డార్లీన్ పోయి చాలాకాలమైనా ఏ కబురూ లేదు. "సముద్రం దాటితే చుట్టరికం తెగుతుందేమో వదినా," అన్నాడు నికనోర్ ఒకసారి, ఊరికే అన్నట్టు. "తెగితే మాత్రం వంతు మళ్ళీ..."

ఆ మాట ఆమెను రాత్రంతా పొడిచింది. పొద్దున్నే కూయిలకు గడ్డి వేసి, దూలానికున్న మేకుల్లోంచి ఒక పొడుగాటిది పీకి, బండరాయి పట్టుకుని చర్చికి పోయింది. వాన పడే పక్కన, తన నడుము ఎత్తులో పెట్టి కొట్టింది. పచ్చి ఇటుక కాబట్టి నాలుగు దెబ్బల్లో దిగింది, తల మాత్రం పైకి మిగిలింది.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ తన ఫోన్ పట్టుకుని చెప్పాడు. డార్లీన్‌ను ఆసుపత్రిలో చేర్చారట. వంటింట్లో నిలబడి ఉండగా పక్కటెముకల కింద చిల్లు పడిందట. ఏం గుచ్చుకుందో డాక్టర్లకు అంతుపట్టలేదట. ఒళ్ళంతా కమిలి ఉందట, వీపు ఒకవైపు ఉబ్బిందట. అందరినీ అడిగానని చెప్పమందట. గోడ ఎలా ఉందని మరీ మరీ అడిగిందట.

"పాపం," అంది కసిమిరా. బయటికి వచ్చి, చాలా రోజుల తర్వాత నవ్వింది. చుట్టరికం గట్టిగానే ఉంది. ఆ మేకుకు తన టోపీ తగిలించింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కడే తగిలించేది.

ఒహాయో డాక్టర్లు ఊరుకోలేదు. ఆమె వీపు కోసి నిటారుగా నిలబెట్టారు. ఆ తెల్లారి చూస్తే, ఉబ్బి పడబోతున్న చర్చి వెనకభాగం తూకంగుండు వేసినట్టు తిన్నగా ఉంది. నికనోర్ ఒక కన్ను మూసి పరీక్షగా చూశాడు. "అమెరికా డాక్టర్లు మంచి మేస్త్రీలు," అన్నాడు. బడి వెనకగోడ కూడా ఆవిడకే అప్పజెబితే ఎలా ఉంటుందని సభలో ఒక మాట నడిచింది.

తర్వాత వానలొచ్చాయి. కప్పు అంచు నీళ్ళు గోడ మీదే పడుతున్నా, గొట్టం పెట్టాలని ఒకరూ అనలేదు. గోడ అడుగు నుంచి తడి పైకి పాకింది. డార్లీన్ ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఫాదర్ చెప్పాడు. గోడ నానింది. ఆమె మాట్లాడలేకపోతోందన్నాడు. రుఫినో రేకు ముక్క పట్టుకుని బయల్దేరితే కసిమిరా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఆమె మన పాపకు టోపీ అల్లిందమ్మా," అన్నాడు రుఫినో.

"అల్లింది. నేను శాలువా కప్పాను. చెల్లుకు చెల్లు."

ఒక ఆదివారం ఫాదర్ ఫోన్ తీయకుండానే చెప్పాడు. డార్లీన్ పోయింది. ఊరంతా "పాపం" అంది. తర్వాత ఒక్కొక్క తలే కసిమిరా కూర్చున్న బల్ల వైపు తిరిగింది.

జ్ఞానతల్లి పోయిన గోడ అనాథ. అనాథ గోడ వాన ఆగాక నిలబడదు, ఎవరి మీద పడుతుందో కూడా తెలియదు. కసిమిరా నికనోర్ కాళ్ళ మీద పడింది. ఇంకో బస్సు వచ్చేదాకా ఆగమంది. ఇంకో నీలంచొక్కా, ఇంకో వంటమనిషి, ఎవరో ఒకరు.

"అమ్మా, లే," అన్నాడు రుఫినో. అతని గొంతు పెద్దది కాలేదు. "ఒకసారి నా వంతు ఇంకొకరి చేత మోయించావు. ఆమె మోసింది, చచ్చిపోయింది. ఇంక చాలు. నేనైతే కనీసం గొట్టం పెట్టుకుంటాను."

"నీకేమన్నా అయితే?"

"ఊళ్ళోనే ఉంటానుగా. కేక వేస్తా. కర్ర పట్టుకొస్తారు."

ఆ నాలుగైదు రోజులూ గోడ తీరు వింతగా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా తెల్లగా మంచు పట్టింది. చెయ్యి పెడితే అతుక్కుపోయేంత చలి. గోడ దుఃఖపడుతోందని తెయొదోసియా కళ్ళు తుడుచుకుంది. లియోన్సియో మాత్రం కర్రతో మంచు గీకి చూశాడు.

"మనిషిని మట్టిలో పెట్టేదాకా చుట్టరికం తెగదు. ఇంకా పాతిపెట్టలేదేమో ఆమెను."

"చచ్చి ఎన్నాళ్ళయిందనుకుంటున్నావు మామా?" అన్నాడు నికనోర్. "మర్నాడు పాతిపెడతారు ఎవరైనా. అన్ని రోజులు దాచడానికి ఆమేమన్నా మంచుగడ్డలో పెట్టిన చేపా?"

అందరూ నవ్వారు. మనిషిని చల్లటి అరలో దాచే ఊళ్ళూ, ఆ తర్వాత చేసే పనులూ ఈ కొండల్లో ఎవరికీ తెలియవు. ఇక్కడ మనిషి పోతే మట్టే.

శుక్రవారం రుఫినో చేతులు ఆనించాడు. మంచు కరిగి మట్టి ఆరేసరికి చాలాసేపు పట్టింది. రంగుకాగితాలు తడిసి అతని జుట్టుకు అతుక్కున్నాయి. చేతులు ఊడిరాగానే అతను ఒక్కసారిగా పక్కటెముకల కింద పట్టుకుని వంగాడు.

"ఏంట్రా?" అంది కసిమిరా.

"ఏదో గుచ్చుకుంది. లోపలిదాకా."

చొక్కా ఎత్తి చూశారు. వేలు పట్టేంత చిల్లు. రక్తం లేదు. ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. కసిమిరా మాత్రం టోపీ లేకుండానే గోడ చుట్టూ పరిగెత్తింది. వస్తూ అలవాటుగా తగిలించిన టోపీ అక్కడే, మేకుకు వేలాడుతోంది. లాగి అవతల పారేసి మేకు పట్టుకుంది. మంచులో బిగుసుకుపోయింది. గోళ్ళతో పీకింది, పళ్ళతో పట్టి లాగింది. తలదాకా దిగిన మేకు మరి! తానే అంత గట్టిగా కొట్టింది. రాయితో తవ్వబోయి మొదటి దెబ్బ వేయగానే అవతలి నుంచి రుఫినో అరుపు వినిపించింది. రాయి వదిలేసింది.

"రేపు మంచు కరిగాక తీస్తాలే నాయనా," అంది ఇంటికొచ్చి. ఎందుకో, ఎలాగో ఆమె చెప్పలేదు. అతను అడగలేదు. మేకు ఎవరిదో దూలం మీది ఖాళీ చోటు చూస్తే తెలుస్తుంది.

ఆ రాత్రి అతను వణుకుతూనే ఉన్నాడు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పారు. తెల్లారాక ఎండలో ఇంటి గోడకు ఆనించి కూర్చోబెట్టి, వెచ్చదనానికి పాపను ఒళ్ళో పెట్టారు. నెలిదా దుంపలు పొయ్యి మీద పెట్టింది. కసిమిరా చర్చికి పోవడానికి సుత్తీ పట్టుకారూ వెతుకుతోంది.

"అమ్మా," అన్నాడు రుఫినో. "చలి తగ్గింది."

ఆమె చేతిలోవి జారిపడ్డాయి. వచ్చి నుదురు పట్టుకుని చూసింది. వెచ్చగా ఉంది. ఎంతో హాయిగా వెచ్చగా. "తల్లీ!" అని మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. "నీ కడుపు చల్లగుండ! చూశావా నెలిదా, ఎలా తేరుకున్నాడో!"

"ఇంకా వెచ్చగా ఉంది," అన్నాడు కాసేపాగి. ఆ తర్వాత, అదే గొంతుతో, "పాపను తీసుకో," అన్నాడు.

"ఎందుకురా, ఉండనీ..."

"అమ్మా. పాపను తీసుకో."

లాక్కుంది. ఎర్ర టోపీ అంచున ఉన్ని కమిలి వాసన వచ్చింది. రుఫినో కదల్లేదు. నోరు తెరిచాడు, కేక రాలేదు. చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే రాలాయి. దుప్పటి పొగలేసింది. నెలిదా కుండెడు నీళ్ళు తెచ్చి పోస్తే చుయ్యిమని ఆవిరైపోయాయి. అవతల ఊరంతా చర్చి వైపు పరిగెత్తుతోంది. గోడలోని గడ్డి కాలి తెల్లటి పొగ పూజనాటి సాంబ్రాణిలా నాలుగు వైపులా లేస్తోంది. మట్టి రంగు అడుగు నుంచి మారుతూ వస్తోంది. ముందు నలుపు, తర్వాత గోధుమరంగు, తర్వాత ఎరుపు. కర్ర పట్టుకుని వచ్చినవాళ్ళున్నారు గానీ, ఎవరిని కొట్టాలో వాళ్ళకు తోచలేదు.

పొయ్యి మీది దుంపలు ఉడికేసరికి అంతా అయిపోయింది.

ఆదివారం ఫాదర్ ఫోన్‌లో గ్యారీ పంపిన ఫొటో చూపించాడు. పొయ్యి గట్టు మీద మూతపెట్టిన చిన్న జాడీ. డార్లీన్ అందులో ఉందట. శనివారం పొద్దున్న కాల్చారట, ఆమె కోరికే అదట. ఫోన్ చేతులు మారుతూ లియోన్సియో దగ్గరికి వచ్చింది. ముసలాయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"అంత మనిషి," అన్నాడు, "ఇందులో పట్టిందా?"

ఎవరూ నవ్వలేదు, ఇంటికి పోయాక కూడా.

ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కంచపాతా చర్చి చూడడానికి వస్తుంటారు. ఈ ఎత్తులో ఇంత గోడ మొత్తం కాల్చిన ఇటుకతో ఉండడం ఎక్కడా లేదు. వాన పడితే మెరుస్తుంది. గాడిదలు ఒరుసుకుని వాటి వీపులే గీరుకుపోతున్నాయి. నికనోర్ తన హయాంలోనే కట్టించానని చెప్పుకుంటాడు. "ఇక వెయ్యేళ్ళు దీనికేమీ కాదు," అని పిడికిలితో గోడ మీద కొట్టి చూపిస్తాడు. కొట్టినప్పుడల్లా దుంపల చేలో ఎక్కడో రుఫినో ఖంగుమంటాడు.

అతను బతికే ఉన్నాడు. నడుస్తాడు, మాట్లాడతాడు, ఇద్దరి పని ఒక్కడే చేస్తాడు. ఒళ్ళు కొత్త కుండ రంగు. పార కాలి మీద పడితే పార వంగింది. ఊరంతా జ్వరాలు పట్టినప్పుడు అతనికి పట్టలేదు. పొద్దున మంచులా, మధ్యాహ్నం పెనంలా ఉంటాడని నెలిదా పాపను తీసుకుని అవతలి గోడవారన పడుకుంటుంది. అన్నం పెడితే తింటాడు. వేడిగా ఉందా, చల్లగా ఉందా అంటే మర్యాద కోసం ఏదో ఒకటి చెబుతాడు. కసిమిరా దిగాలుగా కూర్చుంటే పక్కింటివాళ్ళు ఓదారుస్తారు: "నీకేం వదినా, అదృష్టవంతురాలివి. వాడికింక ఏమీ కాదు."

కసిమిరా ఇప్పటికీ కూయిలకు గడ్డి వేస్తూ పక్క గదికి చెవి పెడుతుంది. అలవాటు కొద్దీ "తల్లీ" అంటుంది. ఆ తర్వాత అడగడానికి ఏమీ ఉండదు. నోరు మూసుకుంటుంది.

పాపకు ఇప్పుడు నడక వచ్చింది. అంచు కమిలిన ఎర్ర టోపీ పెట్టుకుని, దుంపలు ఒలుస్తున్న తండ్రి పక్కన చేరుతుంది. చొక్కా ఎత్తి పక్కటెముకల కింది చిల్లులో వేలు పెట్టి తిప్పుతుంది. లోపల మేకు తల చల్లగా తగులుతుంది. దానికదో ఆట. కిలకిలా నవ్వుతుంది. రుఫినో దుంపలు ఒలుస్తూనే ఉంటాడు.

"రుఫినో," అంటుంది కసిమిరా ఉండబట్టలేక. "పాప నిన్ను ముట్టుకుంటోందిరా."

"అవునా?" అంటాడతను, మర్యాదగా, పాప లేని వైపు తిరిగి చూస్తూ.